ఒక వెనుక ఇరుసు ఆత్మకథ

కృష్ణాతుంగభద్రల నడుమ నడిగడ్డ యని పిలువబడు సీమయందు, గట్టు మండలపు పత్తిచేల దారుల వెంట నిత్యము తిరుగుచుండు ఒక పాత పికప్పు బండికి నేను వెనుక ఇరుసును. ఇరుసనగా రెండు చక్రములను కలుపు ఒంటి కడ్డీ మాత్రమే యని తలచువారు కలరు. నాకు ఇనుప పెట్టె యొకటి కలదు. దాని గర్భమున క్రౌను, పినియను అను పండ్లచక్రములును, డిఫరెన్షియలును, ఇరుప్రక్కల రెండు షాఫ్టులును కలవు. ఇంజను పంపు భ్రమణమును మలుపు త్రిప్పి చక్రముల కందించుట నా వృత్తి. పైనున్న బరువును నేలకు దింపుట నా ధర్మము. ఈ రెండు పనులను వేరువేరు అంగముల కప్పగించిన నిర్మాణము నాది కావుననే నాకు రెండవ జన్మము లభించినది.

నాలుగు చక్రములకును శక్తి నందించు చిన్న బండ్లు రెండవ ప్రపంచయుద్ధకాలమున విల్లీస్ జీపు మూలమున లోకమెల్ల ప్రసిద్ధికెక్కెను. 1945లో లూధియానాలో స్థాపితమైన మహీంద్రా సంస్థ, 1947లో ఆ జీపులను మన దేశమున కూర్చుట కారంభించెను. నన్నును నా తోబుట్టువైన ముందు ఇరుసును ధరించిన మొదటి బండి ఆ నాలుగుచక్రముల సంప్రదాయమునకు చెందిన బరువుబండియే. 2009 అక్టోబరులో కృష్ణయు తుంగభద్రయు ఒక్కసారిగ పొంగి కర్నూలును, అలంపురమును ముంచిన దినములలో, అది బియ్యపు మూటలను మోసికొని జలమయమైన దారుల వెంట తిరిగెను. పరుగుచే వేడెక్కిన నా పెట్టె చన్నీట మునుగగానే లోపలి గాలి సంకోచించెను. ఊపిరిగొట్టము నీటిమట్టమునకు దిగువనే యుండుటచేత గాలికి మారుగ నీరు లోనికి చొచ్చెను. గేరు ఆయిలు పాలరంగుకు తిరిగెను. బేరింగులకు తుప్పు పట్టెను. కొన్ని యేండ్లకు ఆ బండిని విడగొట్టగా, మేమిరువురమును కర్నూలులోని పాత ఇనుప సామానుల అంగడి చేరితిమి.

అక్కడికి గద్వాల మేస్త్రీతో కూడి గట్టు రైతొకడు వచ్చెను. ఆతడు సీడుపత్తి పండించువాడు. చెల్కలును, రేగడి నేలలును, రాతి వాగులును దాటుటకై తన పికప్పునకు పెద్ద టైర్లు వేయించెను గాని ఇరుసును మార్పింపలేదు. ఆ బండి ఇరుసున షాఫ్టే తిరుగవలెను, షాఫ్టే బరువును మోయవలెను. ఒకనాడు వాగునడుమ బేరింగు దాపున షాఫ్టు విరిగి, చక్రము దానితోపాటు బయటికి వచ్చినదట. కొత్త ఇరుసులు కొనుట ఆతని శక్తికి మించిన పని.

“ఏం మేస్త్రీ, గింత తుప్పు వట్టింది. మోస్తదా?” అని రైతు సంశయించెను.

“మోస్తదన్నా. దీంట్ల బరువు పెట్టె మీద వడ్తది, షాఫ్టు మీద గాదు. షాఫ్టు ఇరిగినా చక్రం ఊడది” అని మేస్త్రీ నన్ను తట్టి చెప్పెను.

దశరథుని రథమునకు శీల ఊడినప్పుడు కైకేయి తన వ్రేలు అడ్డుపెట్టెనని మన పెద్దలు చెప్పుదురు. నా హబ్బు రెండు బేరింగుల మీద పెట్టె కొననే ఆశ్రయించి యుండును గనుక, షాఫ్టు విరిగినను అట్టి సాహస మెవరికిని అవసరపడదు. ముందు చక్రముల లాగుడుతో బండి ఇల్లు చేరగలదు.

తూకపు ధరకంటె కొంచెము హెచ్చు వెలకు మమ్మిరువురను కొనిరి. జంటగ కొనుట విలాసము కాదు. ముందు వెనుకల పండ్ల నిష్పత్తి భిన్నమైనచో, నాలుగు చక్రములను కలిపి నడపునప్పుడు ఇరుసులు రెండును పెనుగులాడి గేర్లు నశించును. పాత ఇరుసున పినియనుకు 10 పండ్లు, క్రౌనుకు 41. నాకు 8, 43. అనగా అచ్చట 4.1, ఇచ్చట 5.375. టైరు 28 అంగుళముల నుండి 31 అంగుళములకు పెరిగినందున చక్రము నేలను లాగు బలము ఇంచుమించు పదవవంతు తగ్గినది. నా నిష్పత్తి ఆ లోటును తీర్చి, రాళ్లమీద బండిని మెల్లగ నడిపించు శక్తిని మిగిల్చినది.

మేస్త్రీ మొదట నా పెట్టె వంగినదేమో సరిచూచెను. కమానుకట్టలు కూర్చుండు పీఠముల ఎడమును కొలిచెను. పినియను వాలు తప్పినచో యూనివర్సల్ జాయింట్లు అదరునని ఎరిగి, ఆ కోణము కుదిరిన పిమ్మటనే పీఠములను అతికించెను. పండ్లకు రంగు పూసి, అవి ఎచ్చట ఒరయుచున్నవో పరీక్షించి, పలుచని షిమ్ములతో సరిచేసెను. బేరింగులు, సీళ్లు మాత్రము కొత్తవి వేసెను. ఊపిరిగొట్టమునకు రబ్బరు గొట్టము తగిలించి తొట్టి ఎత్తు వరకు తీసికొనిపోయెను. 1988 మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను బండి మార్పులకు హద్దు విధించినది గనుక, ఏ భాగమును కోయకమునుపే రవాణా కార్యాలయమున అనుమతి పొందిరి.

ఒక చక్రము బురదలో జారినచో అదియే గిరగిర తిరుగును. గట్టినేలనున్న రెండవది ఊరకుండును. ఇది డిఫరెన్షియలు స్వభావము. లోపలి గేర్లను వెల్డింగు చేసి బిగించిన చవకగ తీరునని ఒకరు సలహా చెప్పగా మేస్త్రీ అంగీకరింపలేదు. మలుపున వెలుపలి చక్రము లోపలిదానికంటె ఎక్కువ దూరము పోవలెను. ఆ స్వేచ్ఛ లేనిచో తారురోడ్డుమీద టైర్లు అరుగును, షాఫ్టులు మెలిపడి విరుగును. మెత్తని నేలపై టైర్లలో గాలి కొంత తగ్గించి నడపుమని, రోడ్డెక్కగానే మరల నింపుమని ఆతడు రైతునకు బోధించెను. దానికి కావలసినది ఒక గాలిపంపు మాత్రమే.

గట్టు, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల యువకులారా! మీరు బండి ఎత్తు పెంచకమునుపు ఇరుసు బలము నెరుగుడు. అమ్రాబాదు పులుల అభయారణ్యమున అనుమతిలేక చక్రము మోపకుడు. స్వల్పధనమున్నచో దానిని తళుకుల మీద గాక, బేరింగుల మీదను, సీళ్ల మీదను, కొలత తెలిసిన మేస్త్రీ కూలి మీదను వెచ్చింపుడు. పొదుపనగా చవకవస్తువును కొనుట కాదు; ఏ భాగమునకు ఏ భారము తగునో ఎరిగి, అచ్చటనే రూపాయి నుంచుట.