ఎల్లి మోటు, ఎల్లీ నీటు

ఆడపిల్ల పేరు బాగుందో లేదో చెప్పడానికి మన దేశంలో ఏ అర్హతా అక్కర్లేదు. కచేరీకి తీసుకెళ్ళి పాట ఎలా ఉందని అడిగితే "నాకు సంగీతం తెలీదండీ" అని మర్యాదగా తప్పుకునే మనిషి కూడా, వెంకాయమ్మ అన్న పేరు చెవిన పడగానే ముక్కు చిట్లించి "అబ్బే, బాలేదు" అనేస్తాడు. ఎందుకు బాలేదయ్యా అంటే "ఏమో, వినడానికి మోటుగా ఉంది" అంటాడు. మరి శాన్వి? "ఆహా, ఎంత స్వీటుగా ఉందో!" ఇది అప్పీలు లేని తీర్పు. జడ్జిగారు కారణాలు రాయరు.

బారసాలకు వచ్చిన బంధువుల్లో ఇలాంటి జడ్జీలు కనీసం అరడజను మంది ఉంటారు. "నాకు పాతా కొత్తా పట్టింపు లేదు, కులం గిలం అసలే లేదు, సౌండు ఒక్కటే చూస్తాను" అని వీళ్ళ వాదన. సరే, చెవి మాటే వేదం అనుకుందాం. ఆ చెవినే కాస్త పరీక్ష పెడదాం.

అమెరికాలో 2014 నుంచి 2018 దాకా వరసగా ఐదేళ్ళు ఆడపిల్లలకు అందరికంటే ఎక్కువగా పెట్టిన పేరు ఎమ్మా. ఎల్లా కూడా అక్కడ బాగా నడుస్తున్న పేరే. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడి పక్కింట్లో కవలలున్నారు, ఒకరు ఎల్లా, ఇంకొకరు ఎమ్మా అని ఈ జడ్జిగారితో ఊరికే అని చూడండి. "అబ్బ, ఎంత క్యూటో!" అంటారు. ఇప్పుడు ఆ ఇద్దరినీ కలిపి ఎల్లమ్మ అనండి. మొహం చూడండి.

ఎల్లీ, పాలీ, మాలీ అంటే కాన్వెంటు పిల్లల బొమ్మల పుస్తకాల్లో రిబ్బన్లు కట్టుకుని గెంతే పిల్లలు. ఎల్లి, పోలి, మల్లి అంటే మోకాటి లోతు బురదలో నాట్లు వేసేవాళ్ళు. మధ్యనున్న తేడా మహా అయితే రెండు గుణింతాలు, ఒక ఒత్తు. హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్ 2006లో పుట్టిన కూతురికి సూరి అని పేరు పెడితే ఆ పేరు మన పేపర్లలో కూడా వచ్చింది. మన ఊళ్ళ సూరి, అంటే సూరమ్మ, పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా అచ్చయి ఉండదు.

కాబట్టి చెవికి ఏ జబ్బూ లేదు. అది శబ్దం వినడం ఎప్పుడో మానేసింది. ఆ పేరుగల మనిషి కట్టుకున్న చీర, చేసే పని, ఆమె ఇల్లు ఊరికి ఏ దిక్కున ఉందన్న సంగతి, ఇవన్నీ వినేసి, "సౌండు బాలేదు" అని రిపోర్టు పంపిస్తోంది.

సాక్ష్యం కావాలంటే సూర్యకాంతం. ఒక మణి పేరు అది. పొద్దూ, వెలుగూ రెండూ ఉన్న పేరు. అందులో ఒక్క అక్షరమైనా మోటుగా ఉందేమో చెప్పండి. అయినా ఆ పేరు పెట్టుకోవడం తెలుగువాళ్ళు మానుకున్నారు. కారణం ఆ పేరుగల మహానటి సినిమాల్లో గయ్యాళి అత్త వేషాలు వేసిన తీరు. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్ ముగ్గురూ ఉన్న 1962 నాటి సినిమాకు ఆవిడ పాత్ర పేరు మీద గుండమ్మ కథ అని పెట్టారు. దెబ్బకు గుండమ్మ కూడా పోయింది. అలాగే సుబ్బులక్ష్మి అంటే మనకు కంచిపట్టు చీర, తంబురా, సుప్రభాతం గుర్తొస్తాయి. ఆ లక్ష్మిని తీసేసి సుబ్బమ్మ అనండి, రుబ్బురోలు గుర్తొస్తుంది. వెల్లాల సుబ్బమ్మ అనే చక్కటి గాయని సినిమాల్లోకి వచ్చాక శాంతకుమారి అయింది. గొంతు అదే, మనిషీ అదే. పోస్టరు మీద సుబ్బమ్మ నిలవదని సినిమావాళ్ళకు తెలుసు.

ఇక్కడ కాస్త ఆగి ఒక పాత లెక్క చెప్పుకోవాలి. పెద్దింట్లో పుట్టిన వెంకమ్మకు పేరు చివరి 'అమ్మ' ఉయ్యాలలోనే వచ్చింది. వాడలోని ఎల్లమ్మకు మనవలు పుట్టినా రాలేదు. అరవై ఏళ్ళ మనిషిని పదేళ్ళ దొరబిడ్డ "ఒసే ఎల్లీ" అని పిలిచేవాడు. పలికి పలికి పేరులో సగం కొరికేసి, మిగిలిన సగం వినసొంపుగా లేదని ఇప్పుడు తీర్పు చెబుతున్నారు. అందుకని ఆ ఎల్లమ్మ తన మనవరాలికి ఐశ్వర్య అనో సంఘవి అనో పేరు పెట్టుకుంటే నేను నవ్వను. దాన్ని ఫ్యాషను అనడానికి నోరు రాదు. అది జవాబు. నా తగాదా అంతా, కొరికినవాళ్ళ సౌందర్యదృష్టితోనే.

ఎందుకంటే ఈ సౌందర్యదృష్టికి కాళ్ళున్నాయి, పరిగెడుతుంది. 1970ల్లో సునీత, కవిత, పద్మజ అందమైన పేర్లు. తర్వాత శిరీష, స్వప్న, లావణ్య. ఆ తర్వాత మౌనిక, హారిక, శ్రావణి. ప్రతిసారీ అదే వరస. ముందు ఆఫీసర్ల ఇళ్ళలో పెడతారు, తర్వాత గుమాస్తాల ఇళ్ళకు వస్తుంది, ఆపైన ఊళ్ళోకి చేరుతుంది. ఊళ్ళోకి చేరిన మర్నాడు ఆఫీసరుగారికి ఆ పేరు "కామన్" అయిపోతుంది. సునీత శబ్దం ఏమీ మారలేదు పాపం. కూరగాయల బండి దగ్గర కూర్చున్నావిడ పేరు కూడా సునీతే అని తెలిసింది, అంతే. ఇప్పుడు అంగన్‌వాడీ రిజిస్టరులో కూడా శాన్వి, ఆద్య, సహస్ర వచ్చేశారు కాబట్టి, పైవాళ్ళు మళ్ళీ మూటాముల్లె సర్దుకుంటున్నారు. అపార్టుమెంట్లలో ఇంకో చిత్రం కూడా ఉంది. పనికి వచ్చే అమ్మాయి పేరూ, ఇంటి కూతురి పేరూ ఒకటే అయితే, పేరు మారేది పని అమ్మాయిదే. "నిన్ను లక్ష్మీ అని పిలుస్తాంలే" అంటారు. వాళ్ళ ఇంట లక్ష్మి అలా అడుగుపెడుతుంది.

సరే, పారిపోయి ఎక్కడికి చేరుతున్నారు? "యూనిక్" పేరు అనే ఊరికి. ఆ ఊళ్ళో అందరూ ఒకే వీధిలో ఉంటారు. హ, జ, య, రి అనే నాలుగు అక్షరాలు ఒక పళ్ళెంలో, న్విక, శ్విత, త్విక, క్షిత అనే తోకలు ఇంకో పళ్ళెంలో పెట్టి, కళ్ళు మూసుకుని ఒకటి ఇందులోంచి ఒకటి అందులోంచి తీయడమే. ఎక్కడా ఎవరికీ లేని పేరు కావాలని మూడు నెలలు వెతికిన తల్లిదండ్రులు పిల్లను బడిలో చేర్చిన రోజున, టీచరమ్మ "శాన్వి కె., శాన్వి ఎం., శాన్వి ఆర్." అని హాజరు పిలుస్తుంది.

అర్థం అడిగితే ఫోన్లో జాబితా చూపిస్తారు. అందులో సగం పేర్లకు "లక్ష్మీదేవి", మిగతా సగానికి "పార్వతీదేవి" అని రాసి ఉంటుంది. ఏ ధాతువు, ఏ నిఘంటువు అని అడిగితే చాదస్తం. అర్థం నిజంగా ఉన్న పేర్ల సంగతి ఇంకా ముచ్చట. ఋత్విక్కు అంటే యజ్ఞం చేయించే పురోహితుడు. ఏ యజ్ఞంలోనూ ఆడపిల్లను ఋత్విక్కుగా కూర్చోబెట్టడానికి ఒప్పుకోనివాళ్ళే కూతురికి రిత్విక అని పేరు పెట్టి, పట్టుపరికిణీ కట్టి, అదే యజ్ఞానికి ప్రసాదం కోసం తీసుకెళతారు. తన్వి అంటే సన్ననిది. పుట్టినప్పుడు నాలుగు కిలోలు తూగిన తన్వి నాకు తెలుసు. చక్కటి పిల్ల.

పేరు బాగుండాలన్న తపనకు శాస్త్రం కూడా తోడొస్తుంది. నక్షత్ర పాదాన్ని బట్టి మొదటి అక్షరం. ఆర్ద్ర నాలుగు పాదాలకు కు, ఘ, ఙ, ఛ. హస్తకు పు, ష, ణ, ఠ. ఆర్ద్ర మూడో పాదంలో పుట్టిన పిల్లకు ఙ అక్షరంతో పేరు పెట్టాలి. ఆ అక్షరంతో తెలుగులో పేరు మాట అటుంచి, మాటే మొదలవదు. పంతులుగారు "గ తో కానివ్వండమ్మా, దోషం లేదు" అని సర్దుబాటు చేస్తారు. శాస్త్రం కూడా అంత చక్కగా సర్దుకుపోయాక, "పిల్ల నాయనమ్మ గంగమ్మ కదా, అదే పెట్టేద్దాం" అని ఎవరో పెద్దాయన అంటే మాత్రం హాలంతా నిశ్శబ్దం. గ దొరికింది, గంగ ఉంది, పంతులు ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది సౌందర్యదృష్టి.

ఆ తర్వాత న్యూమరాలజీ. ఇంగ్లీషు అక్షరాలకు ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసి కూడతారు. దాన్ని కల్దియా పద్ధతి అంటారు. పిల్ల పుట్టింది నరసరావుపేటలో, అక్షరాలు లండనువి, లెక్క బాబిలోనుది. మొత్తం ఒకటి తక్కువైందని ఇంకో ఏ, ఐదు తక్కువైందని ఒక హెచ్ తగిలిస్తారు. తెలుగులో రాస్తే పేరు ముందెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంటుంది, అంటే గ్రహాలకు తెలుగు చదవడం రాదన్నమాట. పదో తరగతి మెమోలో ఒక హెచ్, ఆధార్‌లో రెండు, పాస్‌పోర్టు దరఖాస్తులో అసలే లేకపోవడంతో, అదృష్టం కోసం తగిలించిన అక్షరం ఆ పిల్లను నోటరీ దగ్గరకూ మీసేవ దగ్గరకూ తిప్పుతుంది.

పోగొట్టుకున్నది ఏమిటో కూడా చూడండి. యాదమ్మ అంటే యాదగిరిగుట్ట మొక్కు. కొమురమ్మ అంటే కొమురవెల్లి మల్లన్న. రాజవ్వ అంటే వేములవాడ. ఓబులమ్మ అంటే అహోబిలం, అప్పలనరసమ్మ అంటే సింహాచలం. నూకాలమ్మ అంటే అనకాపల్లి, పైడితల్లి అంటే విజయనగరం, మరిడమ్మ అంటే పెద్దాపురం. కోటప్పకొండ కింద కోటమ్మలు. రైల్లో ఎదురు సీట్లో ఉన్నావిడ పేరు చెబితే చాలు, ఏ జాతరకు వెళ్ళే ఇంటి మనిషో తెలిసేది. ఇంకా ముందుకు వెళితే మస్తానమ్మ, హుస్సేనమ్మ, దస్తగిరమ్మ. దర్గాలో మొక్కుకుని కన్న బిడ్డలకు హిందువులు పెట్టుకున్న పేర్లివి. మత సామరస్యం మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఇంత క్లుప్తంగా చెప్పినవాళ్ళు లేరు. గుంటూరు జిల్లా మస్తానమ్మ అవ్వ పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండుతుంటే యూట్యూబ్‌లో లక్షలమంది చూశారు. 2018లో పోయేదాకా ఆమెను పేరు మార్చుకోమని ఏ దేశంవాడూ అడగలేదు. శాన్వికి ఊరు లేదు. సూరత్‌లోనూ న్యూజెర్సీలోనూ ఒకటే. ఎయిర్‌పోర్టు లాంజీలో పుట్టిన పేరు అది.

పాతవన్నీ బంగారమని నేననను. పిల్లలు పుట్టి పుట్టి పోతుంటే, దిష్టి తగలకుండా పసికందును పెంటకుప్ప మీద పడుకోబెట్టి తిరిగి ఎత్తుకుని పెంటమ్మ అని పిలిచేవారు. యముడు కూడా వద్దనుకునే పేరు కావాలని వెతికి పెట్టారు. బతికించుకోవాలన్న ఆరాటం అది. అదే మహారాష్ట్రలోని సతారా జిల్లాలో, మళ్ళీ ఆడపిల్లేనా అన్న విసుగుతో నకుసా, అంటే అక్కర్లేనిది, అని పెట్టేవారు. 2011లో అక్కడ 285 మంది అమ్మాయిలకు అధికారులు కొత్త పేర్లు ఇచ్చారు. పేరు మార్చడమంటే అదీ పని. మంగమ్మనూ నకుసానూ ఒకే చెత్తబుట్టలో వేసేవాళ్ళకు ఈ రెండింటి తేడా చెప్పడం కష్టం.

ఇంకో సంగతి. మగపిల్లల విషయంలో ఇంత సౌందర్యపిపాస కనబడదు. తాత వెంకటేశ్వర్లు మనవడి పేరులో వెంకట అనో, వి అనో ఏదో మూల బతికే ఉంటాడు. నాయనమ్మ వెంకాయమ్మ మాత్రం మనవరాలి పేరులోకి వచ్చే దారి లేదు. వంశం పేరు నిలబెట్టడం అబ్బాయి పని, వినడానికి బాగుండటం అమ్మాయి పని. ఇంతా చేసి, ముహూర్తం పెట్టి, పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో రాసిన ఆ అందమైన పేరుతో ఇంట్లో ఆ పిల్లను పిలిచేవాళ్ళెవరు? సాయంత్రానికల్లా బుజ్జమ్మ, చిట్టెమ్మ, కన్నమ్మ. గుమ్మంలోంచి తోసేసిన 'అమ్మ' దొడ్డిదారిన వచ్చి పిల్ల పక్కనే పడుకుంది. ఎవరికీ మోటుగా వినబడలేదు.

2024లో తెలంగాణ ప్రభుత్వం కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టింది. పాలకుర్తిలో నాలుగెకరాల కౌలు భూమి కోసం విసునూరు దొరను ఎదిరించిన మనిషి ఆమె. రేపు పట్టా మీద ఆ పేరు ఉంటుంది, ఫ్రేము కట్టించి హాల్లో తగిలిస్తారు, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. మీ పిల్లకు ఐలమ్మ అని పెట్టమని నేను అడగను. హన్విక పెట్టుకోండి, జశ్విత పెట్టుకోండి, హెచ్‌లు ఎన్ని కావాలంటే అన్ని తగిలించుకోండి. రేపు పొద్దున్నే ఆ ఫ్రేము మీద దుమ్ము తుడవడానికి వచ్చే ఆవిడను మాత్రం, నీ పేరేమిటని ఒకసారి అడగండి. ఆ పేరుతోనే పిలవండి, చివరి 'అమ్మ' మింగకుండా.