అల్లుడుగారు నిద్రపోతున్నారు

మా కొండాపూర్ ఇంట్లో మిక్సీ నోరెత్తి 70 రోజులు దాటింది. చెడిపోలేదు. పగలంతా అల్లుడుగారు నిద్రపోతుంటారు.

డిసెంబరులో వియ్యంకుడిగారి కంటి ఆపరేషనుకని రెండు వారాల సెలవు మీద అమెరికా నుంచి వచ్చారు. పనిలో పని వీసా స్టాంపింగ్. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లో వేలిముద్రలిచ్చి, వస్తూ వస్తూ మిర్చిబజ్జీలు కూడా తెచ్చారు. ఇంతలో డిసెంబరు 15 నుంచి హెచ్-1బి వాళ్ళ సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తామన్నారు. ఇంటర్వ్యూ మార్చికి పోయింది, అక్కణ్ణించి జూన్‌కి. ఈయన ఖాతాలో చూడ్డానికేముందీ, మా ఆవిడ పంపే శుభోదయాలకి కొట్టిన లైకులు తప్ప!

వీసా రాకముందు చిలుకూరులో 11 ప్రదక్షిణలు, వచ్చాక కార్డు మీద గళ్ళు కొట్టుకుంటూ 108 చేసిన మనిషి. స్టాంపింగ్‌కి మళ్ళీ వేరే 11 తిరగాలా అన్నది మా ఆవిడ ఎవర్నడిగినా తేలలేదు.

ఖమ్మంలో వాళ్ళింట్లో నెట్ నిలవదు. అందుకని వర్క్ ఫ్రమ్ హోమ్, హోమ్ మాత్రం మాది. డాలస్‌లో పొద్దున్న తొమ్మిదంటే మనకి రాత్రి ఎనిమిదిన్నర. అప్పుడు మొదలెడితే తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తారు, కుర్చీలోంచి.

అలా పడుకున్న అల్లుడి చెవి పక్కన ఏడింటికి మిక్సీ వేస్తామా? బాల్కనీలో తులసికుండీకి పీటగా బతుకుతున్న రోలుని మా ఆవిడ కడిగించింది. నూరే ఉద్యోగం రిటైరైన నాది. పల్లీలు, పచ్చిమిర్చి, చింతపండు. మొదటిరోజే మిర్చిగింజ కంట్లో పడింది. వియ్యంకుడిగారి చుక్కలమందు గుర్తొచ్చింది. పచ్చడిబండ దెబ్బకి కింది ఫ్లాటువాళ్ళు పైకొచ్చారు. రోలు కింద పాత దుప్పటి మడిచి వేశాం. దంచితే చప్పుడు, నూరితే భుజం. పై అంతస్తు సాఫ్ట్‌వేర్ అమ్మాయి గిన్నెతో దిగి, "అంకుల్, ఆర్డర్ మీద చేస్తారా?" అంది. ఇప్పుడు ఆదివారాలు గోంగూర కూడా నూరుతున్నాను. కుక్కర్ కూతపెట్టే లోపల స్టవ్ కట్టెయ్యడానికి మా ఆవిడ కాపలా. కాలింగ్ బెల్లుకి బ్యాటరీ తీసేశాం. ముప్పయ్యేళ్ళు ఉద్యోగం చేశాను, నేను పడుకుంటే ఇంట్లో ఒక్క గరిటె కూడా గొంతు తగ్గించలేదు.

అయినా అనడానికి నాకు నోరేదీ? 2014లో ఈ సంబంధం వస్తే గోత్రం కన్నా ముందు నేనడిగింది వీసానే. ఏడాదికి 65,000, అక్కడ పీజీ చేసినవాళ్ళకి మరో 20,000, దానికీ లాటరీ. అది తగిలినవాడు దొరికాడని లడ్డూలు పంచాను. మూడేళ్ళు, మరో మూడేళ్ళు, వెరసి ఆరేళ్ళ వీసా. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నారు కాబట్టి పొడిగింపుల మీద నడుస్తోంది. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వరట. మనవాళ్ళ వరుస చూస్తే మనవడు దాన్ని దాటేసేలా ఉన్నాడు. వాడు పుట్టిందక్కడే.

మొన్న రాత్రి మూడింటికి మంచినీళ్ళకి లేచాను. అల్లుడుగారి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. మీటింగు మ్యూట్‌లో పెట్టి, ఫోన్లో మనవడికి లెక్కలు చెప్తున్నారు. వాడప్పుడే బడి నుంచి వచ్చినట్టున్నాడు, యూనిఫాం లేకపోయినా సంచీ భుజాన్నే ఉంది.

"నాన్నా, ఇండియాలో ఎప్పుడూ నైటేనా?"

ఆయన నవ్వబోయి, గుమ్మంలో నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"సారీ మావయ్యగారూ, నిద్ర చెడగొట్టానా?"