కోటగిరి చీటీకి టీకా తాత్పర్యం

మూలం: "తెలుగు పని లోపల. ప్రింటు బయట. లోపలిది బంద్ చేయకుండా బయటిది బంద్ చేయొద్దు."

అవతారిక: కోటగిరిలో పెండ్లి పత్రికలు, కరపత్రాలు కూర్చే ఒక డీటీపీ దుకాణంలో మానిటర్ అంచుకు అతికించిన చీటీలోనివి ఈ మూడు వాక్యాలు. కర్త పేరు లేదు. కాలం తేలదు గాని, టేపు పసుపెక్కిన తీరు చూస్తే నిన్న మొన్నటిది కాదు. యతి లేదు, ప్రాస లేదు, ఉన్నదల్లా భయమే. దుకాణంలో కొత్తగా చేరే పోరగాండ్లకు చేసిన ఉపదేశం కనుక దీన్ని శాస్త్రగ్రంథంగానే స్వీకరిస్తున్నాం.

ప్రతిపదార్థం: తెలుగు పని = అను ఫాంట్లతో పేజ్‌మేకర్ నందు చేయు కూర్పు; లోపల = వర్చువల్‌బాక్స్ కల్పించిన, ఇనుము లేని కంప్యూటర్‌లోని విండోస్ ఎక్స్‌పీ యందు; ప్రింటు = ముద్రణము; బయట = బల్లమీద కంటికి కనబడు కంప్యూటర్‌లోని విండోస్ 10 యందు; లోపలిది = ఆ ఎక్స్‌పీని; బంద్ చేయకుండా = స్టార్ట్ నొక్కి పద్ధతిగా మూయక; బయటిది = ఇనుమున్న దానిని; బంద్ చేయొద్దు = ముట్టుకోరాదు.

టీక: తెలుగు పని లోపలే ఎందుకు? ఈ ఆక్షేపణ మాది కాదు. బిడ్డ పెండ్లి పత్రిక కొట్టించడానికొచ్చిన ఒక పెద్దాయనదే. "కొత్త కంప్యూటర్ కొన్నవ్ గద తమ్మీ, మళ్ల అండ్ల పాతదెందుకు?" అన్నాడు. "పాతదుంటేనే మీ పెద్దబిడ్డ పత్రిక దొరుకుతది పటేలా" అని జవాబు వచ్చింది.

సిద్ధాంతం ఇదే. అను ఫాంట్లలో కూర్చిన తెలుగు యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తలకట్లు, కొమ్ములు, వత్తులు ముక్కలుగా కూర్చోబెట్టి, వాటిని పక్కపక్కన అతికితే కంటికి తెలుగవుతుంది. ఫాంటు తీసేస్తే అడుగునున్న ఇంగ్లిషు గజిబిజి బయటపడుతుంది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు. 2001లో ఏడో వెర్షన్ తెచ్చాక అడోబ్ దాని మీద ఆశ వదులుకుని ఇన్‌డిజైన్ వైపు వెళ్ళిపోయింది. ఇక ఎక్స్‌పీ సంగతా? 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు ఆపేసింది. బోధన్ శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీ మూతపడింది 2015 డిసెంబరులో, అంటే ఎక్స్‌పీ మూతే ముందు. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు రైతుల సభలకు వేసిన కరపత్రాలు లోపలి ఎక్స్‌పీ డిస్కులో ఇంకా తెరుచుకుంటాయి. మార్పిడి సాధనాలు ఉన్నమాట నిజమే. అక్షరం మారుతుంది, పేజీ అమరిక చెదిరిపోతుంది. వందల పత్రికలను మళ్ళీ ఎవరు కూర్చాలి? దీన్ని వెనకబాటుతనం అనేవాళ్ళు ఒక్క పత్రికైనా కూర్చి చూపించి మాట్లాడాలి.

ఇక్కడ మాయావాదం ఎత్తుకునే వ్యాఖ్యాతలున్నారు. లోపలి యంత్రం మిథ్య, బయటిది సత్యం అంటారు. వద్దు. మన ఊరి పక్కనే మంచి ఉపమానం ఉంది. బోధన్‌నే ఏకచక్రపురమంటారు ఇక్కడివాళ్ళు. అక్కడే పాండవులు మారువేషాల్లో ఒక బ్రాహ్మణుడి ఇంట అతిథులుగా ఉన్నారు. తెచ్చిన భిక్షలో సగం భీముడికి, మిగతా సగం తక్కినవారందరికీ. అక్కడ అతిథులెవరో ఇంటివాడికి తెలియదు. ఇక్కడ తానున్నది పరాయి ఇల్లని అతిథికే తెలియదు. ఎక్స్‌పీ తన సొంత కంప్యూటర్‌లో ఉన్నాననే అనుకుంటుంది. భోజనం లెక్క కూడా తలకిందులే. ఎక్స్‌పీకి 128 ఎంబీ ర్యామ్ సరిపోతుందని ఆనాటి సిఫారసు. 512 వడ్డిస్తే త్రేన్చి కూర్చుంటుంది. ఇక్కడ ఎక్కువ తినే భీముడు ఇంటివాడే. ఆ ఇంటివాడైన విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆగిపోయింది కనుక, రేపో మాపో ఈయన కూడా ఇంకొకరి ఇంట అతిథిగా చేరవచ్చు.

'ప్రింటు బయట': కొత్త ప్రింటర్‌కు ఎక్స్‌పీ డ్రైవర్ రాదు. లోపల పీడీఎఫ్ చేస్తారు, ఫాంటు అందులోనే ఇమిడిపోతుంది. ఉమ్మడి ఫోల్డర్‌లో వేసి, కుడి కంట్రోల్ నొక్కి బయటికొచ్చి ప్రింటు తీస్తారు. లోపలికి ఇంటర్నెట్ మాత్రం ఇవ్వరు. వైరస్‌లకు అడ్డుపడే కొత్త ప్యాచ్‌లేవీ దానికి రావు.

మూడో వాక్యమే ప్రాణం. ఒక యంత్రం లోపల ఇంకో యంత్రాన్ని నడిపే పద్ధతి కొత్తదేం కాదు, ఐబీఎం పెద్ద యంత్రాలలో 1972లోనే వీఎం/370 దాన్ని నడిపింది. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ దానికి లక్షణం చెప్పారు: లోపలి ప్రోగ్రాముకు తేడా తెలియకూడదు, పని చాలామటుకు ప్రాసెసర్ మీద నేరుగా సాగాలి, అదుపు మాత్రం బయటివాడిదే. ఈ చివరి షరతులోనే ప్రమాదం ఉంది. బయటివాడి లెక్కలో ఎక్స్‌పీ అంతా ఒక కిటికీ. దాని హార్డ్ డిస్కు ఒకే ఒక పెద్ద ఫైలు. బయటిది బలవంతంగా ఆపితే లోపల కరెంటు పోయినట్టే. ఫైలు రాస్తుండగా పోతే పత్రిక పాడవుతుంది.

కిటికీ మూయబోతే వర్చువల్‌బాక్స్ మూడు దారులు చూపిస్తుంది: ఉన్నది ఉన్నట్టు దాచడం, మూసుకొమ్మని కబురంపడం, పీక నొక్కడం. మూడోదాని జోలికి పోనివాడే ఇక్కడ ఉద్యోగంలో నిలుస్తాడు. మొదటిది మహా సొగసైనది. రాత్రి "చి.ల.సౌ." దగ్గర ఆపి దాచేస్తే, పొద్దున తెరిచేసరికి కర్సర్ అక్కడే, పెండ్లికూతురి పేరు కోసం మినుకుమంటూ ఉంటుంది.

తాత్పర్యం: లోపల కూర్చి, బయట అచ్చు వేసి, లోనిది మూశాకే ఇంటికి పోవాలని భావం.

విశేషాంశం: చీటీ అడుగున నీలి సిరాతో "స్నాప్‌షాట్ ముట్టొద్దు" అని మరో వాక్యముంది. పాత స్నాప్‌షాట్‌కు, అంటే లోపలి యంత్రాన్ని ఒకప్పుడు ఉన్నదున్నట్టు పట్టి ఉంచిన స్థితికి, తిరిగి వెళ్తే, దాని తర్వాత లోపలి డిస్కులో దాచినవన్నీ పోతాయి. చేతిరాత వేరు కాబట్టి ప్రక్షిప్తమని ఒక వాదం. ఆ రాత ఎవరిదో దుకాణంలో అందరికీ తెలుసు. పోయిన పత్రికలన్నీ రాత్రిళ్ళు కూర్చుని మళ్ళీ కూర్చింది కూడా ఆ చేయే.