అష్టావధానికి మైకు పని కూడా

హైదరాబాద్‌లో ‘ఫుల్‌స్టాక్ డెవలపర్ కావలెను’ అనే ప్రకటన ఏదైనా తీసి చదవండి. జావా రావాలి. రియాక్ట్ రావాలి. డేటాబేస్ తెలియాలి. టెస్టింగ్ చేసుకోవాలి, క్లౌడ్‌కి ఎక్కించాలి, అర్ధరాత్రి సర్వర్ పడిపోతే తనే లేచి దాన్ని లేపాలి. క్లయింటుతో గలగలా మాట్లాడాలి. జీతం దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రకటనకు మౌనవ్రతం. నలుగురి పని ఒక్కడికి అప్పజెప్పి ఒక్కడి జీతమే ఇవ్వడం ఉంది చూశారూ, ఆ ఒక్క విద్యలో కంపెనీలు నిజంగా స్పెషలిస్టులు.

దీనికో శాస్త్రం కూడా ఉంది. ఉద్యోగి ఇంగ్లిష్ ‘టీ’ అక్షరంలా ఉండాలట: నిలువు గీత ఒక విద్యలో లోతు, అడ్డగీత మిగతావాటితో పరిచయం. 1991లో లండన్ పత్రిక ‘ది ఇండిపెండెంట్’లో డేవిడ్ గెస్ట్ దీని గురించి రాశాడు. తర్వాత ఐడియో డిజైన్ సంస్థకు చెందిన టిమ్ బ్రౌన్ బాగా ప్రచారం చేశాడు. సిద్ధాంతంలో తప్పేం లేదు. డిజైనర్‌కు కోడ్ కాస్త అర్థమైతే అతనికీ డెవలపర్‌కీ తలనొప్పి తగ్గుతుంది. మన మేనేజర్లు మాత్రం అప్రైజల్‌కోసారి అడ్డగీతను సాగదీస్తారు. నిలువు గీత ఎంత మిగిలిందో చూసే నాథుడు లేడు.

మనకు అష్టావధానం కొత్తా? సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, మధ్యలో అప్రస్తుత ప్రసంగం, అన్నీ అవధాని ఒక్కడే నెగ్గుకొస్తాడు. కానీ ఆయన ఏళ్ల తరబడి ఛందస్సూ వ్యాకరణమూ నూరి తాగినవాడు. ఆ లోతు మీదే ఎనిమిదీ నిలబడతాయి. పైగా మైకు సరిచేయమనీ కుర్చీలు సర్దమనీ సభలో ఎవరూ ఆయన్ని అడగరు. ఆఫీసులో అడుగుతారు. అప్రస్తుత ప్రసంగానికి అక్కడ వేరే పృచ్ఛకుడు కూడా అక్కర్లేదు, పొద్దున్నే స్టాండప్ మీటింగు ఉంది.

ఈ గిరాకీని కోచింగ్ సెంటర్ల అమీర్‌పేట పసిగట్టకుండా ఉంటుందా! కొన్ని నెలల్లో సర్వవిద్యలూ నేర్పేస్తామంటూ బోర్డులు. లోతు సంగతి అడిగితే అది సిలబస్‌లో లేదు.

ఈ ఉద్యోగ ప్రకటనలు రాసేవాళ్ల లోతు ఎంతో 2020లో తేలింది. ఒక ఉద్యోగానికి ఫాస్ట్‌ఏపీఐ అనే ప్రోగ్రామింగ్ ఫ్రేమ్‌వర్క్‌లో నాలుగేళ్లకు పైగా అనుభవం అడిగారు. దాన్ని తయారుచేసిన సెబాస్టియన్ రమీరెజ్, తనకే ఏడాదిన్నర అనుభవం మాత్రమే ఉంది కాబట్టి తాను పనికిరానని ట్విటర్‌లో రాసుకున్నాడు.

ఇంటర్వ్యూ చివర ‘మీరేమైనా అడుగుతారా?’ అంటారు కదా. ఈ పని ఇంతకుముందు ఎంతమంది చేసేవారో అడగండి.