ముందు మొహం, ఆనక గొంతు

సీరియల్ హీరో ఒక పాట పాడాడట. ఆ కబురు చెప్పడానికి యాంకరమ్మ పడే ఆయాసం చూడాలి. “ఇన్నాళ్లూ మీరు ఆయనలో నటుణ్నే చూశారు. ఈ రోజు సింగర్‌ని కూడా చూడబోతున్నారు!” సింగర్‌ని వినాల గదమ్మా, చూసేదేంది అని అడిగేవాడు సెట్లో ఒక్కడూ ఉండడు. డ్రమ్ములు మోగుతాయి, రంగు కాగితాలు ఎగురుతాయి, జడ్జి గారు కళ్లు ఒత్తుకుంటారు. వారం తిరక్కుండా ప్రైవేట్ ఆల్బం, నెల తిరక్కుండా పేరు ముందు ‘పాప్ స్టార్’ వచ్చి కూర్చుంటాయి.

కడప జిల్లా వాళ్లకు ఈ ఆర్భాటం ఎక్కదు. నటుడు పాడటమనే వింత మా దగ్గర 1885లోనే అయిపోయింది. ఆ ఏడు సురభి అనే పల్లెలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించాడు. అప్పటిదాకా తోలుబొమ్మలాడించి పొట్టపోసుకున్న కుటుంబాలవి. తెర వెనక నిలబడి పాడిన వాళ్లే రంగు పూసుకొని తెర ముందుకొచ్చి పాడారు. ఆ సురభి నుంచి వచ్చిన కమలాబాయి 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషం కట్టింది, తన పాట తనే పాడుకుంది. “నటి మాత్రమే కాదండోయ్” అని ఆమె తరఫున ఎవరూ ప్రెస్‌మీట్ పెట్టలేదు. పాడలేని మనిషికి ఆ రోజుల్లో వేషమే లేదు మరి.

కర్నూలు, కడప పల్లెల్లో తిరునాళ్లకు పౌరాణిక నాటకం పెట్టించినప్పుడు పరీక్ష ఎట్లుండేదో పెద్దవాళ్లను అడగండి. హార్మోనిస్టు శ్రుతి పట్టుకుంటాడు. కృష్ణుడు కిరీటం సర్దుకొని, ఓసారి సకిలించి, పద్యం ఎత్తుకుంటాడు. ఆఖరి పాదం మీద రాగం సాగదీస్తుంటే హార్మోనియం వెంటపడుతుంది. ఊపిరి ఎవరికి ముందు అయిపోతుందా అని జనం బీడీలు ఆర్పేసి కూర్చుంటారు. నచ్చితే ‘ఒన్స్‌మోర్’. నచ్చకుంటే వెనక వరసలోంచి కేక: “సామీ, నువ్వు బో అలిసిపోయినట్టుండావు, పోయి పండుకో. అర్జునున్ని పంపీ!” ఒన్స్‌మోర్ పడిందంటే పాము కరిచి చచ్చిన లోహితాస్యుడైనా సరే, లేచి పద్యం పాడి మళ్లీ చావాల్సిందే. తీర్పు అక్కడికక్కడే. ఎస్సెమ్మెస్ ఓట్ల గొడవ లేదు.

మైకు తన చేతిలో ఉన్నా కొత్త గొంతుకు చోటిచ్చిన నటుడూ మావాడే. సింహాద్రిపురం పద్మనాభం. చిన్నప్పటినుంచీ నాటకాల వాసన పట్టిన మనిషి. సొంత బ్యానర్ మీద ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ తీశాడు. డబ్బులు తనవి, ముఖ్య వేషం తనది. ఇప్పటి లెక్కన చూస్తే మైకు కూడా తనదే కావాలి. ఆయన మాత్రం 1966 డిసెంబరు 15న కోదండపాణి సంగీతంలో ఒక కొత్త కుర్రాణ్ని మైకు ముందు నిలబెట్టించాడు. ఆ కుర్రాడి పేరు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. తర్వాత జరిగింది చెప్పడానికి నేనెందుకు, మీ ఇంట్లో రేడియో చాలు.

అదే 1966లో, సెప్టెంబరులో, అమెరికాలో ఎన్‌బీసీ టీవీ ఇంకో దారి కనిపెట్టింది. నలుగురు కుర్రాళ్లను ఏరి తెచ్చి, మీరు పాప్ బృందంగా నటించండి అంది. కార్యక్రమం పేరు ‘ది మంకీస్’. రికార్డులు వేలంవెర్రిగా అమ్ముడయ్యాయి. తీరా చూస్తే మొదటి రెండు ఆల్బమ్‌లలో వాయిద్యాలు చాలావరకు స్టూడియో వాద్యగాళ్లవి. ఊరంతా ఎగతాళి చేస్తే కుర్రాళ్లకు రోషమొచ్చింది. మా వాయిద్యాలు మమ్మల్నే వాయించుకోనీయండని పోట్లాడి, 1967లో మూడో ఆల్బం తామే వాయించుకున్నారు. మన టీవీకి ఆ కథలో మొదటి సగమే దిగుమతి అయింది. రోషం ఓడ ఎక్కలేదు.

రోషం అవసరం లేకుండా 1997లో ఆటో-ట్యూన్ వచ్చేసింది. కనిపెట్టిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణ రంగంలో ఉండేవాడు. భూమిలోకి శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని లెక్కగట్టి, ఎక్కడ తవ్వాలో చెప్పే విద్య ఆయనది. అదే లెక్క తెచ్చి తప్పిన స్వరాన్ని సరైన చోటికి ఈడ్చే పనిముట్టు చేశాడు. సీమ రైతుకు ఈ యంత్రం గురించి విడమరచి చెప్పక్కర్లేదు. వెయ్యి అడుగులు బోరేసినా తడి తగలకపోతే, రాత్రికి రాత్రి ట్యాంకరు తోలించి గుంతలో పోసి, పొద్దున్నే నీళ్లు పడ్డాయని టెంకాయ కొట్టడం లాంటిది.

ఆ టెంకాయ కొట్టే చోటు మా ఊళ్లలో బట్టల షాపు ఓపెనింగ్. కర్నూలు కానీ, కడప కానీ, తంతు ఒకటే. పొద్దున పదికి రావాల్సిన సింగరు మధ్యాహ్నం ఒంటిగంటకు దిగుతాడు. మెట్ల మీద మూడు చదరపు గజాల స్టేజీ, రెండు వైపులా మనిషెత్తు స్పీకర్లు, కింద ల్యాప్‌టాప్ పట్టుకున్న కుర్రాడు. ఆర్కెస్ట్రా వాళ్ల భాషలో సంగీతం మాత్రమే ఉన్నది మైనస్ ట్రాక్, గొంతు కూడా కలిసున్నది ప్లస్ ట్రాక్. ఈయన అడిగేది ఎప్పుడూ ప్లస్సే. మైకు పెదాలకు ఆనించుకొని అటు ఇటు గంతులేస్తాడు. చరణం మధ్యలో దాహమేసి నీళ్ల బాటిల్ ఎత్తుతాడు. గుటక గుటకకూ గొంతుముడి కదులుతూనే ఉంటుంది, పాట కూడా సాగుతూనే ఉంటుంది. శివుడు గరళం గొంతులో పెట్టుకున్నప్పుడు కూడా పాట పాడినట్టు పురాణంలో లేదు. పక్కన పూలమ్మే పెద్దామె ఊరుకోదు. “ఏమప్పా, ఆయప్ప నీళ్లు తాగుతాంటే పాడతాండేదెవురు?” అంటుంది. షాపు వాళ్ల మనిషి ఆమెను పక్కకు జరగమంటాడు.

ఇంతకీ నిజంగా గొంతున్నవాళ్ల గతి ఏమైంది? అనంతపురం జిల్లా గుత్తి దగ్గర తండాలో పుట్టిన సత్యవతి తిరుపతికి పోయి సంగీతం చదువుకుంది. పద్ధతిగా చదువుకున్న గొంతు గదా, నేరుగా పాటల్లోకి పిలిచారా? లేదు. వీ6 చానెల్లో ‘మాటకారి మంగ్లీ’గా, తెలంగాణ యాసలో కబుర్లు చెప్పి ఇంటింటికీ తెలిసిన మొహం అయ్యాకే జనం చెవులు తెరిచారు. ఆ తర్వాత బతుకమ్మ పాట, శివరాత్రి పాట, ‘రాములో రాములా’, 2021లో ‘సారంగ దరియా’. 2022లో తిరుమల దేవస్థానం వాళ్ల భక్తి చానెల్ ఎస్వీబీసీలో సలహాదారు పదవి కూడా వచ్చింది. ఆమె చేసినదాంట్లో తప్పు వెతికేవాడు తప్పుడు మనిషి. ఆ దారిన నడిపించిన ఆచారాన్నే అంటున్నా. ఇంకో యాసలో నవ్విస్తేనే సీమ పిల్లకు టీవీ దొరికింది. సీమ యాస అంటే తెర మీద బాంబులేసే పెద్దమనిషికి, సుమోల వెనక పరుగెత్తే వాళ్లకు రాసిపెట్టిన ఆస్తి. వేటకొడవలి పట్టుకుంటే మా మాట పనికొస్తుంది, తంబూరా పట్టుకుంటే పనికిరాదు.

హైదరాబాదులో పుట్టినా తిప్పలు తప్పవు. రాహుల్ సిప్లిగంజ్ ఎన్నో ఏళ్లు సినిమాల్లో పాడాడు, సొంత పాటలు చేశాడు. 2019లో బిగ్‌బాస్ ఇంట్లో వంద రోజులకు పైగా తిని, పడుకొని, అలిగి, గెలిచి బయటికొచ్చాకే మా వీధిలో అత్తమ్మలందరికీ తెలిశాడు. 2023లో ఆయన ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ పాడాడు. అక్కడ పిలిచినవాళ్లు మాత్రం బిగ్‌బాస్ చూడలేదు పాపం. పాట విని పిలిచారు.

ఆకాశవాణిలో ఒక మంచి పద్ధతి ఉంది. ఆడిషన్‌కు పోయినవాడి పేరు, ఊరు, మొహం తీర్పు చెప్పేవాళ్లకు తెలియదు. ఒక నంబరు, ఒక గొంతు, అంతే. కడప స్టేషన్ మెట్లు ఎక్కి దిగిన కళాకారులను అడగండి, ఆ గ్రేడు కోసం ఎన్నేళ్లు సాధన చేశారో చెప్తారు. కాబట్టి టీవీల వాళ్లకు నాదొక మనవి. మీ తర్వాతి పాప్ స్టార్‌ను కర్నూలు కొండారెడ్డి బురుజు ముందుకు తీసుకురండి. అడ్డంగా ఒక దుప్పటి కట్టండి. ల్యాప్‌టాప్ కుర్రాణ్ని టీ తాగిరమ్మనండి. పక్కన ఒక హార్మోనియం, ముందు వరసలో పూలమ్మే పెద్దామె చాలు. ఒక్క పద్యం, ఒక్క రాగం. ఒన్స్‌మోర్ పడితే పాప్ స్టార్ అని మేమే ఫ్లెక్సీ కట్టిస్తాం, డబ్బులు మావే. పడకపోయినా దిగులొద్దు, ఆయన షెడ్యూల్ ఏమీ చెడదు. బట్టల షాపు రిబ్బన్ కత్తిరించడానికి శ్రుతి అక్కర్లేదు.