జబ్బు రాకముందే రూము బుక్ చేయండి

పట్నంలో చవకగా రూము ఎట్లా దొరుకుతుందో చెప్పే పెద్దమనుషులకు ఈమధ్య కొదవ లేదు. ఎవరిని అడిగినా మాట ఒకటే: నెల ముందే బుక్ చేయండి, శని ఆదివారాలు వదిలేయండి, సీజన్ కానప్పుడు వెళ్ళండి. బంగారంలాంటి సలహా. కాకపోతే నల్గొండ జిల్లాలోని మా కేతేపల్లి నుంచి హైదరాబాద్ పోయేవాళ్ళలో చార్మినార్ ముందు ఫోటో దిగడానికి పోయేవాళ్ళు తక్కువ. నిమ్స్‌లో డాక్టర్ రమ్మన్న రోజున పోతారు, హైకోర్టులో వాయిదా ఉన్న రోజున పోతారు, పరీక్ష పెట్టిన రోజున పోతారు. ఆ తేదీలేవీ మన చేతిలో ఉండవు. అంటే మనకు చవక రూము దొరకాలంటే గుండెనొప్పి నెల ముందు నోటీసిచ్చి, అదీ వానాకాలంలో, ఏ మంగళవారం నాడో రావాలి.

పరీక్షల సంగతే చూడండి. 2024 అక్టోబర్ 21 నుంచి 27 దాకా రాష్ట్ర గ్రూప్-1 ఉద్యోగాల మెయిన్స్ పరీక్షలు జరిగాయి. ఏడు పేపర్లు, ఏడు రోజులు, 31,383 మంది అర్హులు. సెంటర్లు 46, అన్నీ హైదరాబాద్‌లో, దాని పక్కనున్న రెండు జిల్లాల్లో. శని ఆదివారాలు వదిలేయాలన్న సూత్రం పాటిస్తే నల్గొండ పిల్లగాడు చివరి రెండు పేపర్లు కూడా వదిలేయాలి.

రైల్వే స్టేషన్‌లో రిటైరింగ్ రూమ్ చవక అని ఇంకో చిట్కా. నిజమే, చవకే. రైలు టికెట్ మీది పీఎన్ఆర్ నంబర్ అడుగుతారంతే. కేతేపల్లికి రైలు లేదు.

ఇక రూములు బుక్ చేసే యాప్‌లో కనిపించే 499 రూపాయల సంగతి. ఆ అంకె పక్కనే 1,999 కొట్టేసి ఉంటుంది. ఆ 1,999 ఎవరు ఎప్పుడు కట్టారో దేవుడికే ఎరుక. కింద ఎర్ర అక్షరాలు: ‘ఒక్క రూమే మిగిలింది’, ‘12 మంది చూస్తున్నారు’. మనిషి గాబరాపడి నొక్కుతాడు. నొక్కాక పన్ను, సౌకర్య రుసుము, మనం అడగని బీమా, ఏదో ట్రస్టుకు విరాళం ఒకటొకటే బండెక్కుతాయి. ఇట్లాంటి గారడీలను కేంద్రం 2023 నవంబర్‌లో డార్క్ ప్యాటర్న్‌లని పేరు పెట్టి, 13 రకాలుగా లెక్కగట్టి, కూడదంది. ‘ఒక్క రూమే’ మాత్రం ఇప్పటికీ అట్లాగే మిగిలి ఉంది.

మా మండలంలోనే కొర్లపహాడ్ టోల్‌గేట్ ఉంది. దాన్ని తిట్టుకోని డ్రైవర్ ఉండడు. కానీ సంక్రాంతికి విజయవాడ వైపు పోయే కార్లు అక్కడ బారులు తీరినా, కారుకింత, లారీకింత అని బోర్డు మీద రాసిన రేటు ఆ పూటకు పెరగదు. గేటు దగ్గర ‘ఒక్క లైనే మిగిలింది, త్వరపడండి’ అని ఎవరూ అరవరు. మనం రోజూ తిట్టే టోల్‌గేట్‌కున్న నీతి రూములమ్మే యాప్‌కు లేకపోవడం విచిత్రమే.

సరే, డబ్బు కట్టి పోయామనుకోండి. పొద్దుగాల ఆరుకు బస్సు దిగి లిఫ్ట్ లేని మూడో అంతస్తు ఎక్కితే, కౌంటర్ పిల్లగాడు ఫోన్ మీంచి తల ఎత్తకుండా ‘చెక్-ఇన్ పన్నెండింటికి’ అంటాడు. ముందే కావాలంటే సగం రోజు కిరాయి అదనం. ఖాళీ చేయాల్సింది మర్నాడు పదకొండింటికి. పాత లాడ్జీలో ఎప్పుడు దిగితే అప్పట్నించి 24 గంటలు లెక్క. ఇప్పుడు రోజుకు 23 గంటలే. అమ్మను దవాఖానలో చూపిద్దామని సిటీలో ఉండే కొడుకు తోడొస్తే, ‘లోకల్ ఆధార్ నడవదన్నా’ అంటాడు. ఫోటోలో క్రికెట్ ఆడుకునేంత పెద్దగా కనిపించిన గదిలో మంచం దిగితే గోడ, తలుపు తెరిస్తే మంచం. కిటికీ ఉంది, తెరిస్తే పక్క బిల్డింగ్ ప్లాస్టరింగ్ ఎంత నున్నగా చేశారో చూసుకోవచ్చు. గీజర్ స్విచ్ కౌంటర్ దగ్గర.

ఏ యాప్‌లోనూ దొరకని చవక బస ఒకటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో బామ్మర్ది ఇల్లు. కిరాయి ఒక సంచి బియ్యం, నాలుగు కిలోల పెసర్లు. అక్కడ రేటింగ్ ఇచ్చేది మాత్రం వాళ్ళు, మనకు. ‘వచ్చారు, మూడు రోజులున్నారు, బాత్‌రూమ్‌లో నీళ్ళన్నీ ఒడగొట్టారు’ అనే సమీక్ష మనం ఊరు చేరకముందే చుట్టాలందరికీ అందుతుంది.

మా టోల్‌గేట్ ఉన్న సడక్ మీదే హైదరాబాద్ వైపు పోతుంటే హయత్‌నగర్ వస్తుంది. అక్కడ హయత్ బక్షీ మసీదు చుట్టూ బాటసారుల కోసం కుతుబ్‌షాహీలు కట్టిన సరాయి గదుల వరుస ఉంది. మచిలీపట్నం నుంచి గోల్కొండకు పోయే బాట మీద మనిషి అలిసిపోతాడని పదిహేడో శతాబ్దంలోనే వాళ్ళకు తట్టింది. ఊళ్ళ నుంచి చదువుకోను వచ్చే పిల్లలకు తల దాచుకునే జాగ కావాలని కొత్వాల్ వెంకటరామారెడ్డికి తట్టింది, 1918లో రెడ్డి హాస్టల్ లేచింది. వాళ్ళెవరూ ఓట్ల కోసం మన ఇంటికి వచ్చినవాళ్ళు కాదు.

మనం ఓట్లేసినవాళ్ళు 2022లో మన దారిలోనే, ఎల్బీనగర్ దగ్గర గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ జాగలో, వెయ్యి పడకల టిమ్స్ దవాఖానకు పునాది రాయి వేశారు. మంచిదే. వెయ్యి పడకలంటే వెయ్యి మంది రోగులు, అంటే తక్కువలో తక్కువ వెయ్యి మంది తోడొచ్చినవాళ్ళు. భార్యకు ఆపరేషనైతే మొగుడు ఎక్కడ పడుకోవాలి? ఉస్మానియాలో, నిలోఫర్‌లో ఎక్కడ పడుకుంటున్నాడో రాత్రి పదింటికి పోతే ఎవరికైనా కనిపిస్తుంది: చెట్టు కింద చాప, తల కింద చెప్పులు, చెప్పుల కింద రిపోర్టుల కవరు. ఆ చాపకు మాత్రం ముందస్తు బుకింగ్ అక్కర్లేదు, ఆదివారమైనా రేటు పెరగదు.