ఎద్దుకున్న సుఖం వేలికేదీ?

పెబ్బేరు శనివారం సంతలో ఎద్దుకు గజ్జెలపట్టీ కొనే రైతు ముందు దాన్ని ఊపి మోత వింటాడు. తర్వాత తోలు మడిచి, మెడ ఒరుసుకుంటుందేమో చూస్తాడు. నగకు ఇంతకు మించిన పరీక్షేముంది?

హైదరాబాద్‌లో మాత్రం 2020లో 7,801 వజ్రాలు ఒక్క ఉంగరంలో కూర్చి గిన్నిస్‌కెక్కారు. ఏడాది తిరక్కముందే 12,638 వజ్రాలతో మీరట్ ఉంగరం దాన్ని దాటేసింది. రాళ్లు పెరిగాయి సరే, వేలు మాత్రం బ్రహ్మ ఇచ్చిన సైజే!

గడియారాలదీ అదే వరస. ఫ్రాంక్ ముల్లర్ ‘క్రేజీ అవర్స్’లో అంకెలన్నీ కలగాపులగం, గంటగంటకూ ముల్లు గెంతుతుంది. లక్షలు పోసి టైము వెతుక్కోవాలి! సంతకొచ్చిన పెద్దాయన నీడ చూసి ఉచితంగా చెబుతాడు.

అన్నం కలుపుకోనివ్వని ఉంగరం వేలికి బరువు, బీరువాకే అందం.